మేక్‌తో ఎనిమిదేళ్లు: సగం ఫైల్‌ను పూర్తయిందని నమ్మిన రోజు

ఎనిమిదేళ్లుగా మా బిల్డ్‌లన్నీ, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేయడమంతా, గ్నూ మేక్ అనే టూల్‌తోనే. దానికి ఏం చేయాలో చెప్పే మేక్‌ఫైల్‌లో ట్యాబ్ బదులు స్పేస్ కొడితే వచ్చే తంటా అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. నా కోపం వేరే దాని మీద.

మా ప్రోగ్రామ్‌కి రెండు తెలుగు రాష్ట్రాల పిన్‌కోడ్‌ల ఫైల్ ఒకటి కావాలి. పైథాన్ స్క్రిప్ట్ సీఎస్‌వీని (కామాలతో విడదీసిన డేటా ఫైల్) వరుసలో పెట్టి, ఒక్కో లైనే బయటికిస్తుంది. మేక్‌ఫైల్‌లో ‘>’ పెట్టి ఆ అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి పంపుతాం.

ఓ శుక్రవారం సాయంత్రం మేక్ కొడితే ‘ఎర్రర్ 1’ అని ఆగిపోయింది. ఏమిటో చదవకుండా పై బాణం నొక్కి మళ్లీ ఎంటర్ కొట్టాను. అది నా తప్పే. ఈసారి గడగడా బిల్డ్ అయిపోయింది, టెస్టులూ పాసయ్యాయి. సర్వర్‌లో పెట్టి ఇంటికెళ్లాను.

సోమవారం పొద్దున్నే విశాఖ నుంచి ఫోన్లు. 530తో మొదలయ్యే పిన్‌కోడ్ ఏది కొట్టినా ‘దొరకలేదు’ అంటోంది. హైదరాబాద్, విజయవాడ బాగానే ఉన్నాయి. టెన్షన్‌తో ఫైల్ తెరిచి చూస్తే, 522 గుంటూరు పిన్‌కోడ్‌ల మధ్యలోనే అయిపోయింది. సీఎస్‌వీలో ఆ తర్వాతి వరుసలో జిల్లా కోడ్ ఖాళీ. దాన్ని అంకెగా మార్చబోయి స్క్రిప్ట్ పడిపోయింది.

మరి రెండోసారి ఎలా పాసైంది? ‘>’ కనిపించగానే, స్క్రిప్ట్ మొదలవకముందే, కమాండ్‌లను నడిపే షెల్ ఆ ఫైల్ తెరిచేస్తుంది. సగం రాసినా దానికి కొత్త టైమ్ పడిపోతుంది. మేక్ చూసేది ఫైల్ ఎప్పుడు మారిందన్న టైమే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసినప్పటి నుంచీ దాని లెక్క అదే. సీఎస్‌వీ కన్నా ఫైల్ కొత్తది కాబట్టి ఆ పని అయిపోయిందనుకుని ముందుకెళ్లింది.

కంట్రోల్-సి కొట్టి ఆపితే మాత్రం సగం రాసిన ఫైల్‌ను తనే తీసేస్తుంది. కమాండ్ ఫెయిలైతే తీయదు! తీయాలంటే మేక్‌ఫైల్‌లో ‘.డిలీట్_ఆన్_ఎర్రర్:’ అని ఒక లైను రాయాలి. దాదాపు ఎప్పుడూ కావాల్సింది అదేనని మాన్యువలే ఒప్పుకుంటుంది, పాత పద్ధతి చెడకూడదని డిఫాల్ట్‌గా పెట్టలేదట. అది చదివాక కోపం ఇంకా పెరిగింది.

‘మారినవి మాత్రమే మళ్లీ చేస్తుంది’ అని టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ని. ఇప్పుడు ‘టైమ్ మారినవి’ అంటున్నాను.

మానేశానా అంటే, లేదు. మాది నలుగురి టీమ్, అందరివీ లైనక్స్ మెషిన్లే. మొత్తం బిల్డ్‌కి పన్నెండు నిమిషాలు పడితే, రోజూ చేసే చిన్న మార్పులు అర నిమిషంలో తేలిపోతాయి. ఇప్పుడు ఇంకోదానికి మారే తీరిక మాకు లేదు. మీ ప్రాజెక్టులో స్క్రిప్టులు పుట్టించే ఫైళ్లు మాకన్నా ఎక్కువుంటే, టైమ్ కాకుండా ఫైల్ లోపలున్నదాన్ని చూసే బేజిల్ లాంటి బిల్డ్ టూల్స్ ఒకసారి పరిశీలించండి.

ఆ ‘.డిలీట్_ఆన్_ఎర్రర్:’ లైను ఇప్పుడు మా ప్రతి మేక్‌ఫైల్‌లోనూ పైనే ఉంది. మొన్న స్క్రిప్ట్ మళ్లీ పడిపోయింది. ‘డిలీటింగ్ ఫైల్’ అని కనిపించింది. రెండోసారి కొట్టి చూశాను, అదే ఎర్రర్ దగ్గర ఆగింది.