చిత్తూరులో కాన్పు, కమిషన్‌లో కేసు: మూడేళ్లు తిరిగినదాని మాట

మా బాబు 2020 నవంబరులో చిత్తూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పుట్టాడు. బిల్లు 42 వేలు. 2022 ఆగస్టులో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం, 2025లో తీర్పు వచ్చింది.

బిడ్డ తలకు వ్యాక్యూమ్ కప్పు పెట్టి లాగారు. కుట్లు వేసి మూడో రోజు ఇంటికి పంపారు. వారం తిరక్కముందే గ్యాసూ ఆగదు, మోషనూ ఆగదు. "కాన్పయిన ఆడదానికి ఇవన్నీ మామూలే" అంది మా అత్త. డాక్టరమ్మదీ అదే మాట. పెళ్లిళ్లకు పోవడం మానేశా, బస్సెక్కడం మానేశా. కాన్పయిన ఎనిమిదో నెలలో వేలూరు పోతే స్కాన్ తీసి చెప్పారు: మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం కాన్పులోనే తెగింది. కుట్లు వేసేముందు వేలితో పరీక్ష చేసుంటే ఆ రోజే థియేటర్‌లో సరిచేసేవాళ్లంట.

నేనేమో డాక్టరుకు శిక్ష పడాలన్న కసితో లాయరు దగ్గరికి పోయా. ఆయన నిదానంగా, "చినగడం తప్పని నిరూపించలేమమ్మా, ఎవరి చేతిలోనైనా చినగొచ్చు. చూడకపోవడమే తప్పు. మన కేసంతా ఆ ముక్క మీదే" అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఆయన చెప్పిందే నిజమైంది.

కేస్ షీట్, అంటే ఆసుపత్రివాళ్లు రాసుకునే మన వైద్యం రికార్డు, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మమ్మల్ని నెలన్నర తిప్పారు. రిజిస్టర్డ్ పోస్టులో రాసి అడిగాకే ఇచ్చారు. డిశ్చార్జి కాగితంలో నార్మల్ డెలివరీ అని ఉంది. కేస్ షీట్‌లో మాత్రం వ్యాక్యూమ్ పెట్టినట్టు టైముతో సహా నర్సు రాసిపెట్టింది. మలద్వారం పరీక్ష చేసినట్టు ఎక్కడా లేదు. మమ్మల్ని గెలిపించింది ఆ నర్సమ్మ చేతిరాతే. ఆమెకు ఈ సంగతి తెలుసో లేదో.

ఖర్చు సంగతి. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజే లేదు. మనం అడిగే పరిహారం ఎంతైనా సరే, కట్టిన బిల్లే లెక్క. కాబట్టి రసీదులు పారేయొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుందని మాకు ఆలస్యంగా తెలిసింది. జరిగిన రెండేళ్లలోపు కేసు వేయాలి, మాకు మూడు నెలలే మిగిలాయి. అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వాసుపత్రి కాన్పులకు మాత్రం ఈ దారి లేదు, 1995లో సుప్రీంకోర్టు అలా తేల్చింది. మా వదినకు అందుకే కుదరలేదు.

బోనెక్కించి అడుగుతారేమోనని వణికిపోయా. అలాంటిదేం లేదు, అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం, ఇస్తే చాలు. కానీ ఆ అఫిడవిట్ టైపు చేయించిన రోజు మర్చిపోలేను. డీటీపీ షాపులో ఇరవయ్యేళ్ల పిల్లాడు. లాయరు గుమస్తా చదువుతుంటే వాడు కొడుతున్నాడు: రోజుకెన్నిసార్లు, ఎన్ని బట్టలు, మొగుడూ పెళ్లాల మధ్య ఏమైంది. వెనకాల జెరాక్సుల కోసం నలుగురు నిలబడున్నారు. వాడు తలెత్తకుండా అంతా కొట్టి, ప్రింటు తీసి, "అక్కా, స్పెల్లింగులు చూసుకోండి" అన్నాడు. ఆ మర్యాదకే ఏడుపొచ్చింది.

కేసు తేల్చడానికి చట్టంలో మూడు నెలలు, వస్తువును ల్యాబులో పరీక్షించాల్సొస్తే ఐదు నెలలు అని ఉంది. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి. అవతలివాళ్ల లాయరు జవాబే 44వ రోజున వేశాడు. గడువు 45. ఆ తర్వాత వాయిదాలే వాయిదాలు.

ఈ కమిషన్ దారికి మార్కులేయమంటే ఐదుకి మూడు. మేమడిగింది 15 లక్షలు, వచ్చిన ఆర్డరు 6 లక్షలు, వడ్డీ. ఆసుపత్రివాళ్లు స్టేట్ కమిషన్‌కు అప్పీలుకు పోయారు. పోవాలంటే సగం డబ్బు ముందే కట్టాలి, కట్టారు. అది మా చేతికింకా రాలేదు. వేలూరులో రిపేరు ఆపరేషన్ మాత్రం అప్పు చేసి చేయించుకున్నా. మొన్న గంగజాతరకు బాబును ఎత్తుకుని జనంలో రెండు గంటలు నిలబడ్డా.