మాచా: పలుచగానా, చిక్కగానా?

జపాన్‌లో మాచాను, అంటే మెత్తని గ్రీన్ టీ ఆకుల పొడిని, రెండు రకాలుగా కలుపుతారు: పలుచని ఉసుచా, చిక్కని కొయిచా. ఉసుచాకు సుమారు 2 గ్రాముల పొడి, 70 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. మరుగుతున్న నీళ్లు పోస్తే చేదు పెరుగుతుంది; 80 డిగ్రీల వరకు చల్లారనివ్వాలి. పొడిని జల్లించి, వెదురుతో చేసిన కవ్వం లాంటి చాసెన్‌తో చకచకా గిలక్కొడితే పైన నురగ కడుతుంది.

కొయిచాకు పొడి రెట్టింపు, నీళ్లు సగం. గిలక్కొట్టరు, నెమ్మదిగా మెదుపుతారు, నురగ రాకూడదు. తేనెలా జారే ఆ చిక్కదనంలో పొడిలోని ఏ లోపమూ దాగదు. అందుకే నాసిరకం పొడితో కొయిచా జోలికి వెళ్లకండి, నోరంతా చేదవుతుంది. తేనీటి వేడుకలో అతిథులు దీన్ని ఒకే గిన్నెలోంచి పంచుకుని తాగడం సంప్రదాయం.

ఇంట్లో రోజూ తాగడానికైతే నా ఓటు ఉసుచాకే. తాగే ముందు చిన్న తీపి ముక్క తినండి.