"గట్ క్లీన్" గ్రీన్ టీ కొనేముందు డబ్బా వెనక్కి తిప్పి చూడండి

పేరు గ్రీన్ టీ అని ఉన్నా, రాత్రి తాగమని ఇచ్చే పొట్లాల్లో విరేచనాల మందు ఉండొచ్చు. మా ఇంట్లో అదే జరిగింది. ఇంకొకరి ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మా అమ్మకు 62 ఏళ్లు. అన్నం తిన్న గంటకే కడుపు ఉబ్బరం, త్రేన్పులు. పేగుల్లో వాపు తగ్గి 28 రోజుల్లో పొట్ట తేలికవుతుందని ఫోన్‌లో ఒక ప్రకటన వచ్చింది. అమెరికాలో పరిశోధన జరిగిందని కూడా రాశారు. నమ్మాను. 899 రూపాయలు పెట్టి చేతులారా నేనే తెప్పించాను. డబ్బాలో రెండు రకాల పొట్లాలు: పగటికి డే టీ, రాత్రికి నైట్ టీ.

మొదటి వారం అమ్మ సంబరపడింది. రాత్రి తాగి పడుకుంటే పొద్దున్నే కడుపు ఖాళీ. రెండు కిలోలు తగ్గింది కూడా. రెండో వారం నుంచి కడుపులో మెలిపెట్టే నొప్పి, తెల్లవారేసరికి మూడు నాలుగు విరేచనాలు. అమ్మినవాళ్లకు వాట్సాప్‌లో చెబితే, "విషాలు బయటికి పోతున్నాయి మేడమ్, మంచి లక్షణం, ఆపకండి" అన్నారు. ఆ మాట విని ఇంకో వారం తాగించాను. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒకరోజు పొద్దున అమ్మకు పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి, బాత్రూమ్ గుమ్మం దగ్గర కూలబడిపోయింది.

రక్తపరీక్షలో పొటాషియం 2.9 వచ్చింది. 3.5కి తగ్గకూడదట. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని ఈసీజీ తీయించారు, దేవుడి దయవల్ల అది బాగానే ఉంది. కొత్తగా ఏమైనా తీసుకుంటున్నారా అని డాక్టర్ గారు అడిగితే టీ సంగతి చెప్పాను. డబ్బా తెమ్మన్నారు. నైట్ టీ పొట్లం వెనక సన్నటి అక్షరాల్లో ఉంది: సెన్నా లీఫ్. అంటే సునాముఖి ఆకు, నేలతంగేడు అంటారే, అదే.

మలబద్ధకానికి అది పాత మందే. కానీ కొద్ది రోజులకు వాడేది, నెలల తరబడి తాగేది కాదు. అందులోని సెన్నోసైడ్లు పెద్దపేగును గట్టిగా కదిలిస్తాయి. పనిచేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది, అందుకే రాత్రి తాగమనేది. తగ్గిన బరువు కొవ్వు కాదు, నీళ్లు. ఆ నీళ్లతో పొటాషియం కూడా పోతుంది. పైగా అమ్మ వేసుకునే బీపీ మాత్ర మూత్రం ఎక్కువగా పోయించే రకం, అదీ పొటాషియాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిసి అమ్మను పడేశాయి. ఆపాక కూడా పది రోజులు మలబద్ధకంతో అవస్థపడింది.

వాళ్లు చెప్పిన పరిశోధన ఏమిటో వెతికి చదివాను. 2022లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్లు 40 మందికి 28 రోజులపాటు, రోజుకు ఐదు కప్పుల టీకి సరిపడే గ్రీన్ టీ సారాన్ని మిఠాయిల్లో కలిపి ఇచ్చారు. పేగుల్లో వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్ తగ్గింది, పరగడుపు షుగరూ తగ్గింది. మంచి ఫలితమే, కానీ 40 మందే, నెల రోజులే. అందులో సునాముఖి లేదు. 28 రోజులన్న అంకె మాత్రం అక్కణ్ణుంచే తెచ్చుకున్నట్టున్నారు.

తర్వాత అదే అమ్మకందారు గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ కొనమని మెసేజ్ పెట్టారు. వాటి విషయంలోనూ జాగ్రత్త. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలో ఉండే ముఖ్యమైన పదార్థం) ఇలాంటి మాత్రల ద్వారా తీసుకుంటే, లివర్ దెబ్బతింటోందని సూచించే ఎంజైములు రక్తంలో పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. మామూలుగా కాచుకుని తాగే టీలో రోజుకు అందేది చాలా తక్కువ. పరగడుపున ఆ మాత్రలు అసలు వేసుకోవద్దు. ఉత్త గ్రీన్ టీ మీద నాకు కోపం లేదు. ఐరన్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం రెంటికీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉంచండి.

కొనేటప్పుడు పదార్థాల జాబితాలో సెన్నా, సోనాముఖి, కాసియా అంగుస్టిఫోలియా, వీటిలో ఏ పేరున్నా అది విరేచనాల మందని అర్థం. జాబితా ఫోటో పెట్టని అమ్మకందారు దగ్గర కొనకండి.

డబ్బులు వెనక్కి ఇమ్మంటే నా నంబర్ బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, ఇంకా తేలలేదు. మీ ఇంట్లో బీపీ, గుండె మందులు వాడే పెద్దవాళ్లు ఇలాంటి టీ తాగుతుంటే ఈ రాత్రికే ఆపించండి, డబ్బా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.