థ్వాకీ దరువున్నంతసేపే పండుగ: డిప్లిన్ డెక్ చాన్నాళ్లు ఆడాక

అరవై కార్డుల డెక్‌లో నాకు ఏ కార్డు కావాలంటే ఆ కార్డు, కావాలనుకున్న క్షణంలో చేతికొస్తుంది. ఈ డెక్ గురించి అన్నిటికంటే ముందు చెప్పాలనిపించేది ఇదే. పోకెమాన్ కార్డుల ఆటలో వెతికిపెట్టే కార్డులకు కరువు లేదు, కాకపోతే ప్రతిదానికీ ఏదో ఒక మెలిక ఉంటుంది. బడ్డీ-బడ్డీ పోఫిన్ చిన్న ప్రాణం ఉన్న బేసిక్‌లనే, అంటే మొదటి దశ పోకెమాన్లనే ఇస్తుంది. అల్ట్రా బాల్ కావాలంటే చేతిలోంచి రెండు కార్డులు పారేయాలి. థ్వాకీ అనే పోకెమాన్ కార్డుకు ఆ పేచీలేం లేవు. బెంచీ మీద, అంటే వెనక వరసలో కూర్చుని టర్నుకొకసారి డెక్ మొత్తంలోంచి ఏదైనా ఒక కార్డు తీసి చేతిలో పెడుతుంది. దానికున్న షరతు ఒక్కటే, ముందు నిలబడిన పోకెమాన్‌కు ఫెస్టివల్ లీడ్ అనే శక్తి ఉండాలి. థ్వాకీలు రెండుంటే రెండుసార్లు, మూడుంటే మూడుసార్లు. ఇన్నాళ్లు ఆడినా ఆ సుఖం నాకు పాతబడలేదు.

ఆట ఎట్లా ఆడాలో చెప్పి విసిగించను, ఇది చదివేవాళ్లకు అవి తెలిసే ఉంటాయి. నేనుండేది నల్లగొండ. వారమంతా ఆఫీసు. ఆదివారం మధ్యాహ్నం గడియారం చౌరస్తాకు దగ్గర్లో ఒక మేడ మీది గదిలో అందరం కూడతాం. మిర్యాలగూడ, సూర్యాపేట, నకిరేకల్ నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వస్తారు. ఎక్కువమంది బడి పిల్లలు, ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లు. నాలాంటి ఉద్యోగస్తులు కొద్దిమందే. అప్పుడప్పుడు టోర్నమెంట్ పెట్టుకుంటాం. కింద రాసేదంతా ఆ గదిలో ఆడిన ఆటల నుంచే.

2024 మే నెలలో ట్వైలైట్ మాస్కరేడ్ సెట్ వచ్చినప్పుడు మావాళ్లంతా డ్రాగాపుల్ట్ ఈఎక్స్ వెంట పడ్డారు (పేరు చివర ఈఎక్స్ ఉంటే ప్రాణం, బలం ఎక్కువున్న కార్డు అని). నా చూపు మాత్రం అదే సెట్‌లో ఉన్న ఊరి పండుగ కార్డుల మీద నిలిచింది. కిటకామి అనే పల్లె ప్రాంతంలో ముసుగులు పెట్టుకుని చేసుకునే పండుగ అది. ఆ పండుగ మైదానమే ఫెస్టివల్ గ్రౌండ్స్ అనే స్టేడియం కార్డు. పాకంలో ముంచిన ఆపిల్‌లా నిగనిగలాడే డిప్లిన్ ముందుండి ఆడుతుంది, వెనక నుంచి థ్వాకీ అనే కోతి దరువేస్తుంది, ఒక్కో దరువుకు ఒక్కో కార్డు తెస్తుంది. రెండు పుల్లలతో ఎంత వేగంగా దరువేస్తే తోటివాటి దగ్గర థ్వాకీకి అంత గౌరవమని పోకెమాన్ల వివరాలుండే పోకెడెక్స్‌లో ఉంటుంది. మన డప్పు కూడా రెండు పుల్లలదే, ఒక చేత సిర్ర, ఇంకో చేత చిటికెన పుల్ల. చెర్వుగట్టు జాతరలో డప్పు మొదలైందంటే ఎక్కడెక్కడి జనమూ అక్కడికొచ్చి గుమిగూడతారు. ఈ డెక్ నడిచే తీరు కూడా అంతే. థీమ్ కోసం డెక్ కట్టుకుంటే గెలవలేమని చాలామంది అంటారు. ఇక్కడ మాత్రం థీమే ఆటను నడిపిస్తుంది, బొమ్మ కోసమని పెట్టుకున్న కార్డు నా డెక్‌లో ఒక్కటీ లేదు.

డిప్లిన్ దెబ్బ పేరు డూ ద వేవ్. ఒక్క గ్రాస్ ఎనర్జీ చాలు. నా బెంచీ మీద ఎన్ని పోకెమాన్లుంటే ఒక్కోదానికి 20 చొప్పున దెబ్బ. నిండు బెంచీ అంటే అయిదు, అంటే 100. ఫెస్టివల్ గ్రౌండ్స్ పరిచి ఉంటే, డిప్లిన్‌కున్న ఫెస్టివల్ లీడ్ శక్తి వల్ల అదే టర్నులో ఇంకోసారి కొట్టొచ్చు. మొదటి దెబ్బకే ఎదుటిది పడిపోతే, వాళ్లు ఇంకోదాన్ని ముందుకు తెచ్చాక రెండోది దాని మీద పడుతుంది. ఒకే ఆపిల్‌ను రెండు పురుగులు పంచుకుని బతుకుతాయని డిప్లిన్ గురించి రాసి ఉంటుంది. ఆ రెండు దెబ్బలు ఆ రెండింటివే అని మా మేనల్లుడి సిద్ధాంతం, నేనూ దాన్ని నమ్ముతాను.

100 రెండుసార్లు అంటే 200. ఈఎక్స్‌ల కాలంలో అదేం పెద్ద లెక్క కాదు, డ్రాగాపుల్ట్ ఈఎక్స్ ప్రాణమే 320. అందుకే డెక్‌కు ఒక్కటే పెట్టుకోనిచ్చే ఏస్ స్పెక్ కార్డు కింద మాగ్జిమమ్ బెల్ట్ పెట్టుకున్నాను. ఈఎక్స్‌ల మీద ఒక్కో దెబ్బకు 50 కలుస్తుంది, మొత్తం 300. ఆ టర్నులో కీరన్ అనే సాయం కార్డును కూడా వేస్తే ఇంకో 30 చొప్పున కలిసి 360 అవుతుంది. బెల్ట్, కీరన్, మైదానం, ఎనర్జీ, ఇవన్నీ ఒకే టర్నులో చేతిలో ఎట్లా ఉంటాయని అడుగుతారు. థ్వాకీలున్నది అందుకే. ఈ లెక్క కుదిరిన రోజున ఎదుటివాళ్ల ఈఎక్స్ ఒక్కోటి పడినప్పుడు నాకు రెండు బహుమతి కార్డులు, నా డిప్లిన్ పడితే వాళ్లకు ఒక్కటే. ఆట మొదట్లో పక్కన పెట్టిన ఆ కార్డులన్నీ ముందు తీసుకున్నవాళ్లదే గెలుపు.

నేను అనుకోకుండా దొరికిన లాభం చారిజార్డ్ దగ్గర. మా గదిలో పిల్లల చేతుల్లో అందరికంటే ఎక్కువ కనబడేది అదే. అబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్‌లోని చారిజార్డ్ ఈఎక్స్ చూడ్డానికి నిప్పులు కక్కే డ్రాగనే కానీ ఆ కార్డు ఫైర్ రకం కాదు, డార్క్‌నెస్ రకం. దాని బలహీనత గ్రాస్. నా డిప్లిన్ గ్రాస్ రకం కాబట్టి నా 100 దాని మీద 200 అవుతుంది, రెండు దెబ్బలకు 400. దాని ప్రాణం 330. బెల్ట్ అక్కర్లేదు, కీరన్ అక్కర్లేదు. మొదటిసారి ఇది జరిగినప్పుడు ఎదుట ఆరో తరగతి పిల్లాడు కూర్చున్నాడు. "అన్నా, ఆపిల్ పండు చారిజార్డ్‌ను ఎట్ల కొడ్తది?" అన్నాడు. తన కార్డు తానే చేతిలోకి తీసుకుని కింద బలహీనత దగ్గర ఉన్న ఆకు గుర్తును వేలితో రుద్ది మరీ చూసుకున్నాడు. ఆ తర్వాతి వారం వాడు కూడా గ్రూకీలు (అవి ఎదిగితేనే థ్వాకీలు) ఏరుకోవడం మొదలుపెట్టాడు. కాకపోతే టోర్నమెంట్లలో ఎన్నాళ్లు చెల్లుతుందో చెప్పే అక్షరం ఒకటి కార్డు మూలన ఉంటుంది. ఆ చారిజార్డ్‌ది జీ, నా థ్వాకీ, డిప్లిన్లవి హెచ్. టోర్నమెంట్ల నుంచి ముందుగా తప్పుకునేది జీ గుర్తువే. కాబట్టి చారిజార్డ్‌ను కొట్టడానికే ఈ డెక్ కట్టుకుంటామనేవాళ్లు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

స్టేడియం గొడవలో కూడా థ్వాకీదే పైచేయి. బల్ల మీద స్టేడియం ఒక్కటే ఉండాలి, కొత్తది వేస్తే పాతది పోతుంది. మావాళ్లు నా డెక్ సంగతి పసిగట్టాక ప్రతి ఒక్కరూ జామింగ్ టవరో ఇంకో స్టేడియమో దాచుకుని సరిగ్గా నా మైదానం మీద వేయడం నేర్చుకున్నారు. దరువుకు మైదానంతో పని లేదు, ముందు డిప్లిన్ ఉంటే చాలు. వాళ్లు తీసేస్తారు, థ్వాకీ ఇంకోటి తెస్తుంది. వాళ్లు మళ్లీ తీస్తారు, మళ్లీ తెస్తుంది. నాలుగు కాపీలున్నంతవరకు ఇది సాగుతుంది. నైట్ స్ట్రెచర్ కార్డు పోయినవాటిలోంచి పోకెమాన్‌నో బేసిక్ ఎనర్జీనో వెనక్కి తెస్తుంది కానీ స్టేడియాన్ని తేదు, కాబట్టి నాలుగోది వేసేటప్పుడు మాత్రం చూసి వేయాలి.

ఇక దెబ్బతిన్న రోజు సంగతి. గత వానాకాలంలో పెట్టుకున్న టోర్నమెంట్, ఎదుట మిర్యాలగూడ నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాడు, డ్రాగాపుల్ట్ ఈఎక్స్ డెక్. నెమ్మదస్తుడు, నా డెక్ కార్డుకు కార్డు తెలిసినవాడు. ఆప్లిన్ ఎదిగితేనే డిప్లిన్. నా ఆప్లిన్లలో ఒకటి అప్పటికే పడిపోయింది, ఒకటి బహుమతి కార్డుల్లో ఇరుక్కుంది. ముందు డిప్లిన్, బెంచీ మీద మూడు థ్వాకీలు, ఒక ఆప్లిన్, ఒక షేమిన్. నిండు బెంచీ. అతను నా మైదానాన్ని అప్పుడే తీసేశాడు. నా టర్నులో మూడు దరువులు వేశాను. ఒకటి మైదానానికి, ఒకటి ఎనర్జీకి, ఒకటి మాగ్జిమమ్ బెల్ట్‌కు. 150 ఒకసారి, 150 ఇంకోసారి. డ్రాగాపుల్ట్‌కు 20 ప్రాణం మిగిలింది. నాలుగో దరువుంటే కీరన్ వచ్చేవాడు, ఆట అక్కడే నా చేతికొచ్చేది.

అతని టర్ను. ఫాంటమ్ డైవ్ అంటే ముందున్నదానికి 200, దానికి తోడు బెంచీ మీద ఎక్కడ కావాలంటే అక్కడ ఆరు డ్యామేజీ కౌంటర్లు. కౌంటర్లుగా అతను వాడేది ఎర్ర గాజు గోళీల్లాంటివి. డిప్లిన్ ఎట్లాగూ పోయింది. గోళీలు చేతిలో పట్టుకుని నా బెంచీని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. థ్వాకీల మీద పెడతాడనుకున్నాను. తిన్నగా ఆప్లిన్ మీదికి వచ్చి, దాని ప్రాణానికి సరిపడా ఒక్కోటే పేర్చాడు. షేమిన్ ఉంది కదా అంటారేమో. షేమిన్ పరదా దాడి వల్ల నేరుగా తగిలే దెబ్బను ఆపుతుంది, పెట్టే కౌంటర్లను ఆపదు. అది నేను వేరే డెక్‌ల కోసం పెట్టుకున్న కార్డు, డ్రాగాపుల్ట్ ముందు దాని వల్ల ఉపయోగం లేదు.

అప్పుడు నా వైపు మిగిలినవి మూడు థ్వాకీలు, షేమిన్. ఫెస్టివల్ లీడ్ ఉన్నది ఒక్కటీ లేదు. ముందు ఎవర్ని నిలబెట్టినా దరువు పడదు. డెక్‌లో డిప్లిన్లున్నాయి, వాటిని తెచ్చే థ్వాకీలు ముగ్గురూ బెంచీ మీదే ఉన్నారు, కానీ పలకరు. కార్డు తీసుకున్నాను, నైట్ స్ట్రెచర్ వచ్చింది. ఆప్లిన్‌ను వెనక్కి తెచ్చి బెంచీ మీద పెట్టాను. ఆ టర్నులో పెట్టినదాన్ని ఆ టర్నులోనే డిప్లిన్ చేయడానికి లేదు కదా. ఏమీ కొట్టకుండా టర్ను ఇచ్చేశాను. "అన్నా, నీ డప్పోళ్లు ముగ్గురున్నరు గానీ ముందట ఆడేటోళ్లే లేరు," అన్నాడు, ఎగతాళిగా కాదు, ఉన్న మాటే. ఆ 20 ప్రాణం మిగిలిన డ్రాగాపుల్టే మళ్లీ డైవ్ చేసింది. తర్వాత ఆడింది ఆట పూర్తి చేయడానికే.

ఈ డెక్‌లో అసలు లోటు అదే. డ్రాగాపుల్ట్ ఒక్కటే కాదు, బెంచీని కెలికే ఏ డెక్ ఎదురైనా నష్టం రెండువైపులా ఉంటుంది. చిన్న ప్రాణాలు పడిన కొద్దీ వాళ్లకు బహుమతులు వెళ్తాయి, బెంచీ ఖాళీ అయిన కొద్దీ నా దెబ్బ 20 చొప్పున తగ్గుతుంది.

ఆ తర్వాత డెక్ మార్చాను. బెంచీ మీద రెండు ఆప్లిన్లు లేకుండా మూడో థ్వాకీని దింపడం లేదు. రెల్లర్, అది ఎదిగి అయ్యే రాబ్‌స్కా ఒక్కోటి చేర్చాను. రాబ్‌స్కా బెంచీకి వచ్చే దెబ్బలనూ ఆపుతుంది, కౌంటర్ల లాంటి దాడి ప్రభావాలనూ ఆపుతుంది. రెండూ గ్రాస్ రకమే కాబట్టి ఆ రకాన్ని వెతికిపెట్టే బగ్ క్యాచింగ్ సెట్ కార్డుకు దొరుకుతాయి. కాకపోతే అది బెంచీలో ఒక చోటు తీసుకుంటుంది, అది ఎదిగే లోపల డైవ్ పడితే చేసేదేం లేదు. దీనివల్ల ఇప్పుడు చాలా ఆటల్లో నాకు పడేవి రెండు దరువులే, మూడు కావు. పైన మూడు దరువుల గురించి అంత మురిసిపోయి రాశాను, అది నిజమే. రోజూ అంత భోగం ఉండదు.

ఇంకో రెండు సంగతులు. దరువు వేసిన ప్రతిసారీ డెక్ కలపాలి. ముప్పై నిమిషాల ఆటలో ఆ కలపడానికే బోలెడు సమయం పోతుంది, కాబట్టి ఏ కార్డు కావాలో ముందే అనుకుని డెక్ చేతిలోకి తీసుకోవాలి. మన మే నెల ఎండల్లో, కరెంటు పోయిన గదిలో, చెమట చేతులకు స్లీవ్‌లు, అంటే కార్డుల తొడుగులు అతుక్కుపోతాయి. ఒక జత స్లీవ్‌లు ఎక్కువ తెచ్చుకోండి, చిన్న తువ్వాలు దగ్గరుంచుకోండి. మెరుపు కార్డులు వంగితే వెనక నుంచి చూసి గుర్తుపట్టొచ్చని అభ్యంతరం రావచ్చు, కాబట్టి థ్వాకీ, డిప్లిన్ మామూలువే వాడుతున్నాను. కొనేటప్పుడు పేరొక్కటి చూసి కొనొద్దు, అదే పేరుతో ఫెస్టివల్ లీడ్ లేని డిప్లిన్ కూడా ఉంది. బడుల ముందు, జాతరల్లో అమ్మే బంగారు రంగు కార్డులు ఆటకు పనికిరావు.

కొనొచ్చా అంటే, నా పరిస్థితిలో అయితే కొనొచ్చు. ఆదివారం ఒక్క పూట ఆడే నాకు, చారిజార్డ్‌లు ఎక్కువ తిరిగే మా గదిలో, ఈఎక్స్‌ల మీద పోసేంత డబ్బు లేని నాలాంటి వాడికి ఇది సరిపోయింది. అసలు కార్డులు ఈఎక్స్‌లంత ధర పలకవు. హైదరాబాద్ పోయి పెద్ద టోర్నమెంట్లలో నిలవాలనుకునేవాళ్లకు, డ్రాగాపుల్ట్‌లు వరసపెట్టి ఎదురయ్యే చోట ఆడేవాళ్లకు నేను గట్టిగా చెప్పలేను. పదేళ్ల లోపు పిల్లలకు మొదటి డెక్‌గా ఇదివరకు చాలామందికి ఇదే చెప్పేవాణ్ని. ఇప్పుడు అడిగితే, అరవై కార్డుల్లో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ఓపిక పిల్లలకు వచ్చేదాకా ఆగమంటున్నాను. మా మేనల్లుడికి ఆ ఓపిక వచ్చేసింది. రాబ్‌స్కాను తీసేసి ఆ చోటులో నాలుగో థ్వాకీ పెట్టమని వాడు నన్ను పోరుతున్నాడు, వచ్చే టోర్నమెంట్‌కు వాడి డెక్‌లో అట్లాగే పెట్టి చూడమన్నాను.