శ్రీకాకుళంలో ఒక స్కానింగ్ కేంద్రం: ఎరుపు, నీలం రంగుల సంగతి

మా అప్ప రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగలడంతో, గత నెల ఆమెను సోంపేట నుంచి శ్రీకాకుళంలోని ఒక స్కానింగ్ కేంద్రానికి తీసుకువెళ్ళాను. ఫిర్యాదు కూడా ఒకటి ఉంది కనుక పేరు రాయడం లేదు. అల్ట్రాసౌండ్ పరీక్ష మాత్రం శ్రద్ధగా చేశారు. మహిళా డాక్టరు గారే చూశారు, జెల్లు చల్లగా ఉంటుందని ముందే చెప్పి రాశారు, గడ్డ మీద ప్రోబును (చర్మానికి ఆనించే స్కానింగ్ పరికరాన్ని) నాలుగు వైపుల నుంచీ ఆనించి కొలతలు తీసుకున్నారు. అది నీటితో నిండిన మామూలు సిస్టేనని మధ్యాహ్నానికల్లా రిపోర్టు ఇచ్చారు.

ఫిర్యాదల్లా సహాయకురాలి మాట గురించే. కలర్ డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే పద్ధతి) పెట్టినప్పుడు గడ్డ పక్కనున్న నాళాల్లో రంగులు మెరుస్తుంటే, "ఎరుపు మంచి రక్తం, నీలం చెడ్డ రక్తం అమ్మా" అనేసింది. తెర మీద నీలమే ఎక్కువగా ఉంది; అప్ప ముఖం పాలిపోయింది. నిజానికి డాప్లర్ రంగు ప్రవాహపు దిక్కును, వేగాన్ని మాత్రమే చెబుతుంది: ప్రోబు వైపు వచ్చేది సాధారణంగా ఎరుపు, దూరంగా పోయేది నీలం. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో దానికి తెలియదు.

అది చెప్పగలిగేది ఫోటోఅకౌస్టిక్ ఇమేజింగ్. ఫిజిక్సు పాఠాలు చెప్పుకునేదాన్ని కనుక నాకు దాని మీద కాస్త మక్కువ. కొన్ని నానోసెకన్లపాటు లేజరు కాంతిని పంపితే, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుని డిగ్రీలో వెయ్యోవంతు స్థాయిలో వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచించి అల్ట్రాసౌండ్ తరంగాన్ని పుట్టిస్తుంది. కాంతి వల్ల ధ్వని పుడుతుందని గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు. మన కండలో మిల్లీమీటరు దాటగానే కాంతి చెదిరిపోతుంది, ధ్వని అంతగా చెదరదు; అందుకే కొన్ని సెంటీమీటర్ల లోతు నుంచి కూడా బొమ్మ స్పష్టంగా వస్తుంది. 757 నానోమీటర్ల కాంతిని ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్, 1064 నానోమీటర్ల కాంతిని ఆక్సిజన్ ఉన్నది ఎక్కువగా పీల్చుకుంటాయి కనుక, రెంటినీ పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. క్యాన్సరు గడ్డలు కొత్త నాళాలను పెంచుకుని ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుకుంటాయి కాబట్టి రొమ్ము పరీక్షలో ఇది పనికొస్తుంది. ఈ పద్ధతిని అల్ట్రాసౌండ్‌తో జోడించిన ఇమాజియో అనే యంత్రానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది. అయితే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది, మన వంటి చామనఛాయ వాళ్ళకు ఆ లెక్క సరిచూడక తప్పదు. అప్పకు వచ్చిన సిస్టుకైతే అంత యంత్రం అక్కరలేదు.

ఇదంతా అప్పకు అక్కడ చెప్పలేను కదా. డాక్టరు గారిని అడిగితే విసుక్కోకుండా ప్రోబును కొంచెం అటు వంచి చూపించారు. అదే నాళం నీలం నుంచి ఎరుపుకు మారింది. అప్ప అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. టోకెను ఇచ్చినా వరుస పాటించరు, ఉదయం ఎనిమిదికే వెళ్ళండి.