కార్నియా మార్పిడి చికిత్స: నెల్లూరు నుంచి వెళ్లేవారి కోసం ఒక సమీక్ష

కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, దాని మార్పిడి కూడా శుక్లాల ఆపరేషన్ లాంటిదేనని, మరునాడు కట్టు విప్పగానే చూపు వచ్చేస్తుందని మా ప్రాంతంలో చాలామంది నమ్ముతారు. కోవూరు దగ్గర వ్యవసాయం చేసే మా పెదనాన్నకు చెన్నైలోని ఒక కంటి ఆసుపత్రిలో ఈ చికిత్స జరిగింది. మొదటి పరీక్ష నుంచి ఆయన వెంట ఉన్న మనిషిగా నేను చెప్పగలిగింది ఒక్కటే: ఆపరేషన్ ఈ సేవలో చిన్న భాగం, అసలు చికిత్స ఆ తరువాతి ఏడాదిలో ఉంది. అందువల్ల ఆసుపత్రిని ఎంచుకునేవారు ఆపరేషన్ థియేటర్ గురించి ఎంత విచారిస్తారో, ఆ ఏడాదంతా అక్కడ ఎలా చూసుకుంటారో అంతకన్నా ఎక్కువ విచారించాలి. మెచ్చుకోవలసినవి, లోపాలు రెండూ చెప్పదలిచాను కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు.

కోతల రోజుల్లో వరి వెన్ను తగిలి ఆయన కంటికి గాయమైంది. మట్టి, చెత్త, పైరు ఆకులు తగిలిన గాయంలో బూజు చేరి పుండు పడటం పొలం పనివారిలో తరచుగా కనిపించే జబ్బు. ఎర్రబడిన కంటికి ఎవరినీ అడగకుండా మందుల షాపులో కొన్న స్టెరాయిడ్ చుక్కలు వేయడంతో ఆ పుండు ఇంకా ముదిరింది. బూజు పుండుకు ఆ మందు ఆజ్యం పోస్తుందని తరువాత డాక్టరు చెప్పారు. బూజును చంపే నేటమైసిన్ చుక్కలు గంటగంటకు వేసి పుండును మాన్పగలిగారు గానీ, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలిపోయింది. దానినే మా ఊళ్లలో కంట్లో పువ్వు పడిందంటారు. కార్నియా అంటే గడియారం ముళ్ల మీద ఉండే అద్దం వంటి పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఆ పొర మధ్యభాగం తెల్లబడితే లోపల కన్ను ఎంత ఆరోగ్యంగా ఉన్నా వెలుతురు సరిగా చేరదు, కళ్లద్దాలతో అది సరికాదు.

ఆసుపత్రిలో నాకు బాగా నచ్చింది ముందస్తు పరీక్షల విషయంలో వారు చూపిన నిజాయితీ. మచ్చ వెనుక ఏముందో బయటి నుంచి కనిపించదు కనుక కంటికి అల్ట్రాసౌండ్ స్కాన్ తీశారు, కంటిలోని ఒత్తిడి చూశారు, కన్నీటి నాళంలో చీము లేదని నీళ్లు పంపి నిర్ధారించుకున్నారు, షుగరు, బీపీ అదుపులో ఉన్నాయని తేలేదాకా పేరు నమోదు చేయలేదు. రెటీనా (కంటి లోపలి వెనుక తెర) గానీ కంటి నరం గానీ దెబ్బతిని ఉంటే కొత్త కార్నియా వేసినా చూపు రాదని డాక్టరు ముందే చెప్పారు. ఆ మాట దాచి డబ్బు కట్టించుకునే చోటికి ఎవరూ వెళ్లకూడదు.

తరువాత ఎదురుచూపు మొదలైంది. కార్నియా ఎక్కడా తయారయ్యేది కాదు, చనిపోయిన ఒక మనిషి కుటుంబం ఒప్పుకుంటేనే దొరికేది. మరణించిన ఆరు గంటలలోపు దాన్ని సేకరించాలి. నేత్రనిధి (ఐ బ్యాంక్) వారు దాత రక్తానికి హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌ల పరీక్షలు చేసి, కార్నియా లోపలి పొరలో జీవకణాలు తగినన్ని ఉన్నాయో లేదో సూక్ష్మదర్శినిలో లెక్కించి, పనికివస్తుందనుకుంటేనే ఆసుపత్రికి ఇస్తారు. నిల్వ ఉంచే ద్రావణాన్ని బట్టి అది నాలుగు రోజుల నుంచి పద్నాలుగు రోజుల వరకు నిలుస్తుంది. అందుకే ఫోన్ వచ్చినప్పుడు సంచి సర్దుకుని వెంటనే బయలుదేరవలసి ఉంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం కార్నియాను అమ్మడం, కొనడం నేరం; బిల్లులో కనిపించేది పరీక్షలకు, నిల్వకు అయిన ఖర్చు మాత్రమే. దాత ఎవరో మాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఆ ఇంటివారు దుఃఖంలో ఉండి కూడా ఇచ్చిన మాటను తలచుకోకుండా ఈ చికిత్స గురించి రాయడం నాకు సాధ్యం కాదు. శుక్లాల ఆపరేషన్ అయినవారు, కళ్లద్దాలు వాడేవారు, షుగరు ఉన్నవారు కూడా నేత్రదానం చేయవచ్చు. మరణం తరువాత నేత్రనిధి వారు వచ్చేలోపు ఫ్యాను ఆపి, కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచితే చాలు.

ఆపరేషన్ సంగతి తొందరగానే చెప్పవచ్చు. కంటి పక్కన మత్తు సూది వేశారు. నొప్పి తెలియలేదని పెదనాన్న అన్నారు. మచ్చ పడిన భాగాన్ని గుండ్రంగా కత్తిరించి తీసి, దాత కార్నియాను అదే ఆకారంలో అమర్చి, వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో చుట్టూ కుట్లు వేశారు. కన్నంతా మారుస్తారని, కనుపాప రంగు మారిపోతుందని భయపడేవారు నిశ్చింతగా ఉండవచ్చు. మారేది ఆ ముందు పొర ఒక్కటే. మరునాడు కట్టు విప్పినప్పుడు ఆయనకు మసక వెలుతురు, మనుషుల ఆకారాలు తెలిశాయి, అంతే. కంట్లో ఇసుక పడినట్టు ఉందని, నీళ్లు కారుతున్నాయని, వెలుతురు చూడలేకపోతున్నానని చెప్పారు. మొదటి రోజుల్లో అది సహజమేనని డాక్టరు ధైర్యం చెప్పారు.

అసలు ఓపిక ఇక్కడి నుంచి కావాలి. కార్నియాలో రక్తనాళాలు ఉండవు కనుక గాయం చాలా నెమ్మదిగా మానుతుంది. కుట్లను ఒక్కసారిగా కాక, కంటి వంపును యంత్రంతో కొలిచి, ఏది ఎక్కువగా లాగుతోందో చూసి, నెలల వ్యవధిలో కొన్ని కొన్నిగా తీస్తారు. చూపు ఒక నెలలో బాగుండి మరుసటి నెలలో తగ్గినట్టు అనిపిస్తుంది. “అబ్బయా, కుట్లన్నీ తీసిందాకా ఇట్టాగే ఉంటుందా?” అని పెదనాన్న ప్రతిసారీ అడిగేవారు. ఉంటుంది, చివరికి కూడా కళ్లద్దాలో, గట్టి కాంటాక్ట్ లెన్సో అవసరం కావచ్చు. ఈలోగా కుట్టు వదులైనా, తెగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఆ దారం వెంట సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి.

చుక్కల మందు విషయంలో మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. కొత్త కార్నియాను శరీరం పరాయిదిగా భావించి తిరస్కరించకుండా స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు. ఆ పేరు వినగానే, ఒకసారి కన్ను పోగొట్టిన మందు మళ్లీ ఎందుకని పెదనాన్న నిరాకరించారు. బూజు పూర్తిగా నయమైన తరువాత, డాక్టరు కొలతలో, పర్యవేక్షణలో వాడటం వేరని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి డాక్టరే కూర్చుని సమయం కేటాయించారు. అందుకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఆ చుక్కలను ఎవరికి వారు ఆపకూడదు, తగ్గించకూడదు. అవి కంటి ఒత్తిడి పెంచే అవకాశం ఉంది కనుక ప్రతి పరీక్షలోనూ ఒత్తిడి చూపించుకోవాలి. కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నొప్పి: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా తిరస్కరణగా అనుమానించి అదే రోజు వెళ్లాలి. త్వరగా వెళితే చాలాసార్లు మందులతోనే కార్నియాను కాపాడగలరు. ఈ ప్రమాదం మొదటి ఏడాదితో పూర్తిగా తీరిపోదు, సంవత్సరాల తరువాత కూడా రావచ్చు.

లోపాలు కూడా చెప్పాలి. చుక్కల పట్టిక ఇంగ్లీషులో మాత్రమే ఇచ్చారు. అంతమంది తెలుగువారు వెళ్లే ఆసుపత్రిలో ఇది క్షమించదగిన విషయం కాదు. సీసా మూతల రంగులు గుర్తుపెట్టి మేమే తెలుగులో రాసుకున్నాం. అత్యవసరానికని ఇచ్చిన నంబరుకు రాత్రివేళ ఎవరూ పలకలేదు. తిరస్కరణ లక్షణాలు అంత గట్టిగా చెప్పి పంపినవారు ఆ ఫోన్ దగ్గర ఒక మనిషిని ఉంచకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

మచ్చ కాక వేరే కారణాలున్నవారికి ఆపరేషన్ వేరేగా ఉండవచ్చు. శుక్లాల ఆపరేషన్ తరువాత లోపలి కణాలు దెబ్బతిని కార్నియా ఉబ్బినవారికి లోపలి పలుచని పొర ఒక్కటే మార్చి, గాలిబుడగతో అతికిస్తారు. కొంతసేపు వెల్లకిలా పడుకోవాలి గానీ కుట్లు చాలా తక్కువ, చూపు త్వరగా వస్తుంది. కార్నియా కోన్ ఆకారంలోకి సాగిన యువతకు, లోపలి పొర బాగుంటే, దాన్ని అలాగే ఉంచి పై భాగాన్ని మాత్రమే మారుస్తారు.

ఎక్కడికి వెళ్లాలని అడిగేవారికి నా సలహా దూరం గురించే. నెల్లూరు వారికి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, తిరుపతి అంతకన్నా దగ్గర. ఒంగోలు వారికి విజయవాడ అనుకూలం. పేరున్న ఆసుపత్రి అయినా అదే రోజు చేరుకోలేనంత దూరమైతే, కార్నియా నిపుణుడున్న దగ్గరి ఆసుపత్రినే నేను ఎంచుకుంటాను. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇంతకుముందు ఆరోగ్యశ్రీ) కార్డు ఉన్నవారు ముందుగా ఆ పథకం రోగులకు సాయం చేసే వైద్యమిత్రను ఆసుపత్రిలో కలిసి, ఆపరేషన్‌తో పాటు తరువాతి చుక్కల ఖర్చు గురించి కూడా స్పష్టంగా అడగాలి. రెండు కళ్లూ మసకబారి సొంతంగా నడవలేనివారికి, ఇంట్లో చుక్కలు వేసే మనిషి ఉన్నవారికి ఈ చికిత్సను నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. రెండో కన్ను బాగా కనిపిస్తూ, దుమ్ములో పని మానలేని పరిస్థితిలో, వెంట వచ్చేవారు లేని వారికి మాత్రం ఇప్పుడే తొందరపడవద్దని, వెళ్లి రాగలిగే వీలు కుదిరాక డాక్టరును మళ్లీ అడగమని చెబుతాను.