మెంటలిస్టుగా నిలబెడతామనే కోర్సులకు డబ్బు కట్టే ముందు: గోదావరి జిల్లాల వారికి హెచ్చరిక

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి పట్టణాల్లో హోటల్ హాళ్లు అద్దెకు తీసుకుని, వారాంతంలో రెండు రోజుల శిక్షణతో ఎవరినైనా స్టేజి మెంటలిస్టుగా, అంటే ఎదుటివారి మనసు చదివినట్టు ప్రదర్శించే కళాకారుడిగా, తయారుచేస్తామని చెబుతున్న ఒక సంస్థకు నేను 35,000 రూపాయలు కట్టాను. వారు చెప్పినదానికీ ఇచ్చినదానికీ పొంతన లేదు. అమలాపురం చుట్టుపక్కల పాఠశాలల వార్షికోత్సవాల్లోనూ వినాయక చవితి పందిళ్లలోనూ చాలాకాలంగా మ్యాజిక్ ప్రదర్శనలు ఇస్తున్నవాడిని కనుక, ఆ సరుకు నాణ్యత గురించి కొంత అధికారంతోనే చెప్పగలను. ఈ కళ మీద ఇష్టంతో అప్పు చేసి మరీ ఫీజు కట్టిన కుర్రవాళ్లను ఆ హాల్లో చూశాను. ఇది రాయడానికి ముఖ్య కారణం వారే.

ఉచిత పరిచయ సదస్సుకు పిలిచినప్పుడు, రిజిస్ట్రేషన్ పేరుతో ముందుగానే ఫోనులో ఒక ఫారం నింపించారు. అందులో పేరు, ఊరు, వృత్తితో పాటు మరచిపోలేని ఉపాధ్యాయుని పేరు, చిన్నప్పటి స్నేహితుని పేరు కూడా అడిగారు. ఆ తరువాత వేదిక మీద శిక్షకుడు ఒకావిడను నిలబెట్టి, ఆవిడ కళ్లలోకి చూస్తూ వాళ్ల పంతులుగారి పేరును ఒక్కొక్క అక్షరమే పలికేసరికి హాలంతా చప్పట్లతో మారుమోగింది. ప్రదర్శనకు ముందే ప్రేక్షకుల నుంచి సమాచారం రాబట్టుకోవడం ఈ కళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. వినోదం కోసం టిక్కెట్టు కొన్నవారి ముందు అలా చేస్తే నేను తప్పుపట్టను. కానీ అదే అంశాన్ని చూపించి, మెదడులోని ఆల్ఫా తరంగాలను అదుపులోకి తెచ్చుకుంటే మీరూ ఇలాగే మనసులు చదవగలరని నమ్మబలికి, జనం ఆ ఆశ్చర్యంలో ఉండగానే డబ్బు కట్టించుకోవడం మోసం. పిల్లల కళ్లకు గంతలు కట్టి పుస్తకాలు చదివించే ‘మిడ్‌బ్రెయిన్’ తరగతుల వారిదీ ఇదే దారి. గంతకూ ముక్కుకూ మధ్య మిగిలే సందులోంచి పిల్లలు చూస్తారని మన దేశంలోని హేతువాదులు ఎన్నోసార్లు బహిరంగంగానే చూపించారు.

శిక్షణతో పాటు ఇచ్చిన సామాన్ల కిట్టు విలువ 15,000 రూపాయలని రసీదులో రాశారు. పెట్టె విప్పితే గుర్తులు పెట్టిన ఒక పేక కట్ట, చిన్న నోట్‌ప్యాడ్, గోటికి అతికించుకునే రాత పరికరం, ప్రత్యేకంగా ముద్రించిన ఒక ఇంగ్లీషు పుస్తకం, ఒక పెన్‌డ్రైవ్ ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో ఇక్కడ వివరించను, ఎందుకంటే వాటి మీద ఆధారపడి బతుకుతున్న కళాకారులు ఉన్నారు. మ్యాజిక్ సామాన్లు అమ్మే దుకాణాల్లో విడివిడిగా కొన్నా ఆ మొత్తంలో నాలుగో వంతు కూడా కాదని మాత్రం చెప్పగలను. పెన్‌డ్రైవులో పెట్టిన ‘రహస్య గ్రంథాలయం’ అంతా పాత ఇంగ్లీషు పుస్తకాల స్కాన్ ప్రతులే. ఈ రంగంలోకి వచ్చినవారు సాధారణంగా మొదట చదివే టోనీ కొరిండా రాసిన ‘థర్టీన్ స్టెప్స్ టు మెంటలిజం’ (మెంటలిజానికి పదమూడు మెట్లు) కూడా అందులో ఉంది. దానిని సక్రమంగా కొనుక్కుంటే అయ్యే ఖర్చు ఈ ఫీజు ముందు లెక్కలోకే రాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టిన విషయం, నేర్పిన అంశాల్లో ఒక్కటి కూడా మన ప్రేక్షకులకు సరిపోకపోవడం. మనసులో తలచుకున్న పేరును అక్షరం అక్షరంగా కనిపెట్టే పద్ధతి ఇంగ్లీషులోని 26 అక్షరాల మీద, వాటిలో ఏవి ఎక్కువగా వస్తాయన్న అంచనా మీద నడుస్తుంది. మన దగ్గర ఒకామె ‘సత్యవతి’ అని తలచుకుంటే, రెండో అక్షరం ‘త్య’ అనుకుంటుందో ‘త’ అనుకుంటుందో మనిషిని బట్టి మారుతుంది. గుణింతాలు, ఒత్తులు కలిసేసరికి వారిచ్చిన పట్టిక ఎందుకూ కొరగాదు. పుట్టిన తేదీని బట్టి రాశి చెప్పే అంశం కూడా అలాంటిదే. డిసెంబరు మొదట్లో పుట్టిన ముమ్మిడివరం అమ్మాయికి వేదిక మీద నుంచి ధనుస్సు అని చెబితే, తనది రోహిణి నక్షత్రం, వృషభ రాశి అని ఆమె అక్కడే సరిదిద్దుతుంది, ఆమె పక్కన కూర్చున్న మేనత్త అవునంటుంది. ఇంగ్లీషు పుస్తకం నుంచి ఒక పదం ఎంచుకోమంటే, తీర్థంలో కింద కూర్చున్న పెద్దాయన ఏం చేయాలి? ఇదంతా శిక్షకుడిని అడిగితే, ఇంగ్లీషులోనే చేయండి, గొప్పగా ఉంటుందని సమాధానమిచ్చారు. ఇంటింటా ఉండే పంచాంగంతో అదే అంశాన్ని ఎంత చక్కగా కట్టవచ్చో వారికి తట్టనే లేదు.

మన అవధానమూ మెంటలిజమేనని కరపత్రంలో వేసుకోవడం నాకు మరీ కష్టమనిపించింది. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, భీమవరం దగ్గరి యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు పృచ్ఛకుల ఎదుట చూపినది పాండిత్యం, ధారణ. అందులో దాచిన పరికరమేదీ లేదు.

పది ప్రోగ్రాములు ఖాయమని నోటితో చెప్పారు. సంతకం పెట్టించుకున్న కాగితంలో మాత్రం ‘అవకాశాలు సూచించబడును’ అని ఉంది. నాకు సూచించిన అవకాశం ఒక ప్లాట్ల అమ్మకం సభలో ఉచిత ప్రదర్శన. వారిచ్చే సర్టిఫికెట్టు చూసి పని ఇచ్చేవారు ఎవరూ లేరు, ఈ వృత్తికి ప్రభుత్వ లైసెన్సు అనేది లేదు. ఇక్కడ పని ఎక్కడుంటుందో చిన్న కళాకారుడికైనా తెలుసు: దసరా పందిళ్లు, సంక్రాంతి నుంచి భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లో జరిగే సాంస్కృతిక కార్యక్రమాలు, కళాశాలల వార్షికోత్సవాలు, పెళ్లిళ్లు. మూఢం వస్తే పెళ్లి ప్రోగ్రాములు వారాల తరబడి ఉండవు. ఆ రోజులు ఎలా గడుస్తాయో, మైకు సరిగా లేని చోట జనాన్ని ఎలా పట్టి ఉంచాలో, అడ్వాన్సు ఎంత అడగాలో ఆ రెండు రోజుల్లో ఒక్క మాటైనా చెప్పలేదు.

మరో 60,000 రూపాయలు కడితే రెండో దశ ఉందన్నారు. ఇళ్లకు వెళ్లి కౌన్సెలింగ్ పేరుతో మనుషుల గతం, భవిష్యత్తు చెప్పి రుసుము తీసుకోవడం అందులో నేర్పుతారట. నమూనాగా ఇచ్చిన కాగితంలోని వాక్యాలు ‘మీరు పైకి ధైర్యంగా కనిపించినా లోపల మథనపడతారు’ వంటివి, ఎవరికి చెప్పినా తమ గురించేననిపించేవి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులందరికీ ఇలాంటి ఒకే వర్ణనను విడివిడిగా ఇస్తే, అది తమకు ఎంత సరిపోయిందో చెప్పమన్నప్పుడు వారు 5కు సగటున 4.26 మార్కులు వేశారు. వేదిక మీద వినోదంగా చెల్లే ఈ మాటను, బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని డబ్బుకు అమ్మడం నాకు సమ్మతం కాదు. నేను ఆ దశలో చేరలేదు.

డబ్బు కట్టాలనుకునేవారు, ఆ శిక్షకుడు టిక్కెట్టు పెట్టి తెలుగులో చేసిన ప్రదర్శనను ముందుగా చూడండి. ఆ సంస్థలో నేర్చుకుని ఇప్పుడు ప్రోగ్రాములతో సంపాదిస్తున్న వారితో, సంస్థ మనుషులు పక్కన లేనప్పుడు మాట్లాడండి. హామీలన్నీ కాగితం మీద రాయించుకోండి. ఇప్పటికే కట్టినవారు రసీదు, కరపత్రం, వాట్సాప్ సందేశాలు భద్రపరచి, ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సంస్థ ఎక్కడిదైనా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు. డబ్బు తిరిగి ఇవ్వాలని నేను నోటీసు పంపాను, జవాబు ఇంకా రాలేదు. ఇదే సంస్థకు కట్టినవారు మరికొందరు ముందుకొస్తే ఫిర్యాదులు కలిసి వేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.